అంటుకుపోయిన మంచుబిళ్లలు

ఆ ఉదయం పరిశోధకురాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఆమె గైడు పెద్దసారు వస్తారు, మైనస్ ఐదు డిగ్రీల చలిగదిలో అద్దంలా నున్నబరిచిన రెండు మంచుబిళ్లల్ని సూక్ష్మదర్శినిలో చూస్తారు, ఆమె థీసిస్ మీద సంతకం పెడతారు. సున్నాకి దిగువన కూడా మంచు పైపొర కాస్త కరిగే ఉంటుందని ఆమె వాదన. అంత చలిలో మంచు ఎండురాయేనని ఆయన పట్టుదల. ఇప్పటికే మూడేళ్లయింది; సంతకం పడకపోతే మరో రెండేళ్లు ఇదే గదిలో వణకాలి.

తొమ్మిదింపావుకి ఆమె డబ్బా మూత తీసింది. రెండు బిళ్లలూ ఒక్కటై కూర్చున్నాయి.

"బాబాయ్, వీటి మధ్య ప్లాస్టిక్ కాగితం ఏది?"

"తీసేశానమ్మా. పెద్దాయన వస్తున్నారు కదా, శుభ్రంగా ఉండాలని నిన్ననే ఒకదానిమీద ఒకటి పేర్చాను," అన్నాడు ల్యాబు సహాయకుడు. అనవసరం అనిపించిన వస్తువేదీ ఇరవై ఏళ్లుగా అతని చేతుల్లో బతికి బట్టకట్టలేదు.

ఆమె మెలితిప్పింది. ఊడలేదు. అతను బలమంతా పెట్టి లాగాడు. కాలు జారి, వీపు వెళ్లి గోడమీది ప్రమాదగంట మీటకు కొట్టుకుంది. గంట మోగగానే బయట వాచ్‌మన్ మంటలని కేకలు పెట్టాడు. ముందే వచ్చి, చలిగది కోసం ఉన్ని గ్లౌజులు తొడుక్కుని బయట టీ తాగుతున్న పెద్దసారు, సగం టీ చేతిమీద ఒలకబోసుకుని పరుగెత్తుకొచ్చారు.

"మంటలెక్కడ?"

"లేవు సార్."

ఆయన చూపు బిళ్లలమీద పడింది. కుడిచేత్తో అందుకుని లాగి చూశారు. మొహం ఎర్రబడింది.

"గమ్ము పెట్టావా? నా కళ్లకే గంతలు కడదామని?"

రెండేళ్ల మాట దేవుడెరుగు, మోసమని రాస్తే ఇక ఏ ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు.

"లేదు సార్. బాబాయ్ పేర్చాడంతే."

"నీళ్లు పోశారా?"

"చుక్క కూడా పొయ్యలేదు. రికార్డు చూడండి, నిన్నట్నుంచి మైనస్ ఐదే."

"గమ్మూ లేదు, నీళ్లూ లేవు. మరి రెండు ఎండురాళ్లు ఎలా అంటుకున్నాయి?"

అడిగేసి ఆయనే ఆగిపోయారు. ఆమె మెల్లగా గొంతు విప్పింది.

"లోపలి అణువుని చుట్టూ పొరుగు అణువులు గట్టిగా పట్టుకునుంటాయి సార్. పైనున్నదానికి ఒకవైపు ఎవరూ లేరు. అందుకే కుదురుగా ఉండక, ఇంత చలిలోనూ నీళ్లలా కదులుతూంటుంది. రెండు ముఖాలు ఆనిస్తే ఆ పొర మధ్యలో చిక్కుతుంది. రెండువైపులా పట్టుకునేవాళ్లొస్తే గడ్డకట్టేస్తుంది."

సహాయకుడు వెళ్లి గంట ఆపి, "పొరపాటైంది సార్," అన్నాడు.

"ఆ పొరపాటు కూడా థీసిస్‌లో రాయి," అని ఆమెకు చెప్పి పెద్దసారు పెన్ను అడిగారు. మూడేళ్ల భారం దిగిపోయి ఆమెకు కళ్లు చెమర్చాయి.

సంతకం మాత్రం ఎడమచేత్తో పెట్టారు. టీ తడిసిన కుడిచేతి గ్లౌజు బిళ్లకి అంటుకుపోయిందని ఒప్పుకోవడం ఆయనకి ఇష్టం లేకపోయింది.