నలభై ఒకటో రిఫరెన్సు సంగ్రామం

సకల యంత్ర ఘర్ఘరారావ ముఖరితమై, ఫినాయిల్ పరిమళ బంధురమై, ఎలుకల కిచకిచలతో నిత్యకోలాహలమై విలసిల్లు ఒకానొక వైద్య పరిశోధనాలయంలో, సోమవారంనాడు పదిన్నర గంటలకు, రెండో విడత టీ చల్లారిపోతున్న మహాముహూర్తాన, మూషిక యకృన్మర్మజ్ఞుడూ, చతుర్వింశతి పరిశోధనాపత్ర ప్రణేతా, కిటికీ లేని గదికి ఏకచ్ఛత్రాధిపతీ అయిన ఎలుకల మాస్టారు కంప్యూటర్ తెర మీద ఒకే ఒక్క అంకె వంక గుడ్లప్పగించి చూస్తున్నాడు.

ఆ అంకె తొమ్మిది.

అసోసియేట్ ప్రొఫెసర్ సింహాసనం ఎక్కాలంటే శుక్రవారం సాయంత్రం ఐదులోగా హెచ్-ఇండెక్స్ పది ఉండాలని కమిటీ శాసనం. అంటే పది పేపర్లు, ఒక్కొక్కదాన్నీ కనీసం పదిసార్లు పరులు తమ పేపర్లలో ప్రస్తావించి ఉండాలి. మాస్టారి తొమ్మిది పేపర్లు ఆ గీత దాటి సింహగర్జన చేస్తున్నాయి. పదోది మాత్రం, ఎలుకల కాలేయపు వాపును తన మందు తగ్గించిందని చాటిన పేపరు, నాలుగేళ్లుగా తొమ్మిది ప్రస్తావనల దగ్గరే మొరాయించింది.

సింహాసనంతోపాటు మూడో అంతస్తులో కిటికీ ఉన్న గది ఇస్తారు. నిజం చెప్పాలంటే ఆయనకు కావలసింది ఆ కిటికీయే. బయట వాన పడుతోందో లేదో పదకొండేళ్లుగా ఎవరో ఒకరిని అడిగి తెలుసుకుంటున్నాడు పాపం.

తన పేపర్ని తానే ప్రస్తావించుకునే సొంత డబ్బా చెల్లదని కమిటీ ముందే కొట్టిపారేసింది. పళ్ల డాక్టరైన బావమరిదిని సైతం మాస్టారు బతిమాలాడు. "పళ్ల పేపర్లో ఎలుక కాలేయాన్ని ఎక్కడ దూర్చమంటారు బావగారూ?" అని ఆ దంతవీరుడు చేతులెత్తేశాడు.

అంతలో పూర్వ శిష్యురాలు, ప్రస్తుతం పై అంతస్తు ల్యాబుకు అధినేత్రి, ఫోను చేతబట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"సార్, కోపం తెచ్చుకోకండి. మా పేపర్ ఎల్లుండి ఆన్‌లైన్‌లో వస్తోంది. అందులో మీ మందు పేపర్ తప్పని రాశాను. మేతలో కలిపిన మందు చేదుకి ఎలుకలు మేత మానేశాయి సార్. వాపు తగ్గింది అందుకే."

ఆనాటి నిండు మేత గిన్నెలు మాస్టారి కళ్లముందు కదిలాయి. కడుపు నిండి వదిలేశాయనుకుని, మిగిలిన మేతను తన చేత్తోనే తిరిగి డబ్బాలో పోశాడు. అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు సిగ్గేసింది.

"చివరి జాబితాలో నాది ఎన్నో నంబరు రిఫరెన్సు?" అన్నాడు నీరసంగా.

"నలభై ఒకటి. కానీ చదువు చెప్పిన మీ పరువు నేనే తీయడమేంటని మనసొప్పలేదు సార్. ఆ వాక్యం, ఆ రిఫరెన్సు రెండూ తీసేయమని ఎడిటర్‌కి మెయిల్ రాశాను. ఇదిగో, పంపేస్తున్నా."

ఆమె బొటనవేలు ఫోను వైపు దిగుతుండగా, గిర్రున తిరిగే కుర్చీని వెనక బీరువాకేసి దభీమని తన్ని, చల్లారిన టీని తెల్లకోటుకు అభిషేకించి, మహావేగంతో లేచి నిలిచిన మూషికమర్మజ్ఞుడు మేఘగంభీర స్వనంతో ఇలా పలికాడు:

"నిలు నిలు, శిష్యశిరోమణీ! ఉపసంహరింపకు ఆ వాగ్బాణాన్ని! ఛేదించు నా సిద్ధాంతాన్ని! చీల్చి చెండాడు నా పట్టికలను! వలసినచో 'ఘోరమైన పొరపాటు' అను విశేషణాన్ని సైతం జోడించు! సత్యం వర్ధిల్లుగాక, నా పరువు మట్టిగలియుగాక! కానీ ఆ ప్రహారం పక్కన వెలుగు నలభై ఒకటి అను అంకెను మాత్రం చెరపకు!"

"అంటే... ఉంచమంటారా సార్?"

"ఉంచమ్మా. చచ్చి నీ కడుపున పుడతాను."

మెయిల్ చెరిగింది. బుధవారం పేపరు వచ్చింది గానీ లెక్క కదలలేదు. గురువారమూ కదలలేదు. శుక్రవారం నాలుగూ యాభై రెండుకు, రెండొందలోసారి ఆ పేజీని మళ్లీ తెరవగా, తొమ్మిది కాస్తా పది అయింది! తిట్టారా పొగిడారా అని దరఖాస్తు అడగలేదు. మాస్టారు అంకె వేసి పంపేశాడు.

పక్కనే నిలబడ్డ శిష్యురాలు గొంతు సవరించుకుంది. "సార్, మా పేపర్‌కి ఇంకా సున్నాయే. మీరూ ఎక్కడైనా నన్ను కాస్త తిట్టి పెట్టరూ?"

"తిట్టనమ్మా. నాది తప్పని ఒప్పుకుంటూ రాస్తాను. అదీ లెక్కకొస్తుంది."

మోగించండి విజయదుందుభులు! నెల తిరిగాక మూడో అంతస్తులో, చతుర్వింశతి పత్ర ప్రణేత, దశాంక విజేత, ఎలుకల మాస్టారు, బయట వాన పడుతోందని ఎవరినీ అడగకుండా తెలుసుకున్నాడు.