దాపరికం లేని సొరుగు

“దాపరికమే మానవజాతి పతనానికి మూలం!” అని మా పామ్ బీచ్ పాత యాక్రిలిక్ సామాన్ల సంఘం అధ్యక్షురాలు లవీనియా వాండర్‌పూల్ గారు ప్రతి సభలోనూ ప్రకటిస్తారు. ఆవిడ ఇంట్లో కుర్చీలు, బల్లలు, చివరికి చెత్తబుట్ట కూడా అరవై, డెబ్భైల నాటి యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్కే! చూడటానికి అద్దంలాగే ఉంటాయి గానీ, పొరపాటున అద్దం అన్నారో, ఆవిడ మళ్లీ గడప తొక్కనివ్వరు.

మా ఆవిడ మిర్నాకి ఆ సంఘంలో చేరాలని ప్రాణం కొట్టుకునేది. ఏరి కోరి కొన్న కుర్చీని తీసుకెళ్లి చూపించింది. లవీనియా గారు దాన్ని గోటితో గీకి, “నిన్నమొన్నటి నకలు. మా దగ్గర నకిలీకి చోటు లేదమ్మా!” అని తేల్చేశారు. మిర్నా దారి పొడుగునా ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండదు? నేను రిటైరైన పళ్ల డాక్టర్ని. ఆవిడ నోట్లోని రెండు వరసలూ నేను కట్టినవే, అవీ యాక్రిలిక్కే! కానీ రోగి గుట్టు వైద్యుడు విప్పకూడదు కదా. పళ్లు బిగబట్టి ఊరుకున్నాను.

ఆ ఏడాది లవీనియా గారు ఊరందరికీ తన ఇల్లు చూపించే రోజు వచ్చింది. మేమూ వెళ్లాం. పడకగదిలో మంచం పక్కన అరుదైన పారదర్శక బల్ల. దానికి పారదర్శకమైన సొరుగు. అందులో, అలవాటు కొద్దీ దాచిన ఆవిడ పాత పళ్లసెట్టు అందరినీ చూసి నవ్వుతోంది!

“లవీనియా గారూ, ఇదేమిటండీ?” అన్నాడు బ్యాంకు పెద్దాయన చాన్సీ.

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వంక దీనంగా చూశారు. మిర్నా నన్ను గట్టిగా గిల్లింది.

“ఇదా? నా సేకరణలోకెల్లా అరుదైనది! ఎనభై రెండు నాటిది, చేతిపని!” అన్నారు ఆవిడ.

“ఎవరి పనితనమండీ?”

“ఇదిగో, ఈ డాక్టర్ ఫెల్డ్‌మన్ గారిదే! ఈయనా, మిర్నా ఇవాళ్టి నుంచి మన సభ్యులే. అంతేనా డాక్టర్ గారూ?”

“అంతేనండీ! అసలు సిసలు యాక్రిలిక్. పూచీ నాది,” అన్నాను. మిర్నా గిల్లడం ఆపింది.

తర్వాతి సభలో చాన్సీ లేచాడు. నోట్లోంచి ఏదో తీసి బల్లమీద పెట్టాడు.

“నాది డెబ్భై తొమ్మిది! ఆవిడ దానికంటే పాతది!” అన్నాడు బోసినోటితో.

“ఏడిశావులే, నాది డెబ్భై ఆరు!” అంటూ ఇంకొకాయన తీశాడు. పట్టుదలలు పెరిగాయి. కాసేపట్లో పారదర్శక బల్ల నిండా పళ్లే!

ఆ రోజు మిర్నా ఎంతో ముచ్చటపడి చేసుకొచ్చిన బాదం బిస్కెట్లు ఒక్కటీ ఖర్చు కాలేదు.