నూకే బండి

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. సిరిసిల్లలో మహేందర్ గుమాస్తాగా పనిచేసే ఆఫీసుకు తాళం పడి కూడా అన్నే రోజులైంది. మొగుడు ఇంట్లో కూర్చుంటే పని పెరుగుతుందే తప్ప తగ్గదని అతని భార్య శైలజకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. అందుకే ఆ శనివారం పొద్దున అతను గడ్డం గీసుకుంటూ, "ఇయ్యాల పిల్లల్ని తీసుకొని జగిత్యాల పోదాం" అన్నప్పుడు ఆమె సంతోషించిందో భయపడిందో చెప్పడం కష్టం.

జగిత్యాల ఊరి బయట కొత్తగా పిల్లల పార్కు పెట్టారు. సిమెంటు ఏనుగు నోట్లోంచి లోపలికి పోవాలి. లోపల జారుడు బండలు, గుండ్రంగా తిరిగే గుర్రాలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక బుల్లి రైలు. నాలుగేళ్ల కూతురు రూతును ఆ రైలు ఎక్కిస్తానని మహేందర్ ఇప్పటికి మూడుసార్లు మాటిచ్చాడు. ఒకసారి బంద్ వచ్చింది. ఒకసారి రాస్తారోకో. మూడోసారి రిలే దీక్షలో కూర్చునే వంతు తనదే అయింది. మొదటిసారి రూతు ఏడ్చింది, రెండోసారి అలిగింది. మూడోసారి మాత్రం ఏమీ అనకుండా, వేసుకున్న కొత్త గౌను తనే విప్పి మడతపెట్టింది. ఏడిస్తే ఓదార్చవచ్చు, ఆ మడతపెట్టడాన్ని ఏం చేయాలో మహేందర్‌కు తెలియలేదు. ఇంకొక్కసారి మాట తప్పితే ఈ పిల్ల తనను మళ్లీ నమ్మదని అతనికి గట్టిగా అనిపించింది.

శైలజ ఒకే ఒక షరతు పెట్టింది. రెండేళ్ల దావీదు పది అడుగులు నడిచి చేతులు చాపుతాడు. వాణ్ని చూసి రూతు కూడా చాపుతుంది. గుడ్‌ఫ్రైడే కూటాలకు కరీంనగర్ పోయినప్పుడు ఇద్దరినీ మోసి ఆమె నడుము వారం రోజులు వంగలేదు. టీవీలో చూపిస్తారే, పిల్లలను కూర్చోబెట్టి తోసుకుంటూ పోయే బండి, అది ఉంటేనే వస్తానంది.

మహేందర్ తల్లి బాలవ్వ ఈ మాట విని బుగ్గలు నొక్కుకుంది. తాను ఐదుగురిని కని, ఒకణ్ని కొంగులో కట్టుకుని, ఒకణ్ని కొమ్మకు ఉయ్యాల వేసి నాట్లు వేశానని, ఏ బండీ ఎరగనని మొదలుపెట్టింది. అయితే ఈ ఇద్దరినీ నువ్వే కొంగులో కట్టుకుని రా అత్తమ్మా అని శైలజ ఎంతో మర్యాదగా పిలిచింది. బాలవ్వకు అప్పుడే మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి.

ఇక బండి సంపాదించాలి. దాని పేరేమిటో మహేందర్‌కు తెలియదు. కోరుట్లలో టెంట్‌హౌస్ నడిపే చిన్ననాటి దోస్తు జలపతికి ఫోన్ చేశాడు. జలపతి దగ్గర దొరకని సామాను లేదు. ఏదైనా లేదని చెప్పడం అతనికి చేతకాదు కూడా. పైగా ఆ రోజు ధర్నాకు టెంట్ వేయడానికి ట్రాలీ ఆటోలో జగిత్యాలకే పోతున్నాడు.

"పిల్లలను కూసోవెట్టి నూకుకుంట తిరిగే బండి గావాల్రా" అన్నాడు మహేందర్.

"నాలుగు పయ్యలదేనా?"

"ఆఁ, నాలుగు పయ్యలదే."

"పైన నీడకు కప్పుండాల్నా?"

"ఉంటే ఇంకా మంచిది. ఇద్దరు పడ్తరా?"

"ఇద్దరేందిరా, పది మంది పడ్తరు."

జలపతికి చిన్నప్పటి నుంచీ ఎకసెక్కాలు ఎక్కువే అనుకుని మహేందర్ నవ్వి ఫోన్ పెట్టేశాడు.

బస్సులు ఎలాగూ లేవు. నలుగురూ మోటార్‌సైకిల్ మీద ఇరుక్కుని జగిత్యాల చేరేసరికి పదకొండు దాటింది. ఆ రోజు నుంచే రైల్ రోకో. రైళ్లు ఆపడానికి పోగా మిగిలిన జనమంతా బస్టాండు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. అక్కడి నుంచి వాహనాలు కదలనివ్వడం లేదు. పార్కు ఇంకా రెండు కిలోమీటర్లు. మోటార్‌సైకిల్‌ను ఒక గల్లీలో పెట్టి వచ్చేసరికి, సగం లేచిన టెంట్ పక్కన జలపతి చేయి ఊపుతూ కనిపించాడు. అతని పక్కన నాలుగు చక్రాలతో, చారల గుడ్డ కప్పుతో, అరటిపండ్లు అమ్ముకునే తోపుడుబండి ఒకటి నిలబడి ఉంది.

శైలజ బండిని చూసింది. తర్వాత మొగుణ్ని చూసింది.

"మీరు చెప్పింది గిదేనా?"

మహేందర్ తను ఫోన్లో చెప్పిన ఒక్కొక్క గుర్తూ సరిచూసుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు. జలపతి దాని మీద మెత్తగా జంపఖానా కూడా పరిచి, పిల్లలకు ఒత్తుకోదని చెప్పి, టెంట్ గుంజలు పాతడానికి వెళ్లిపోయాడు. ఈలోగా దావీదు ఎక్కనే ఎక్కాడు. రూతు ఎక్కి ముందువైపు కాళ్లు వేలాడేసి కూర్చుంది. శైలజ కొంగు నడుముకు చెక్కి విసవిసా ముందు నడిచింది. ఆ నడక చూస్తే మహేందర్‌కు ఇంకా భయం. గబగబా నూకడం మొదలుపెట్టాడు.

నాలుగు బారలు పోయాడో లేదో, ఉద్యమ కమిటీ పెద్ద యాదగిరి ఎదురొచ్చాడు. రిటైరైన తెలుగు పంతులు. నెల రోజుల నినాదాలకు గొంతు పోయినా మైకు మాత్రం చేతిలోంచి పోలేదు.

"ఏడికెంచి అచ్చిండ్రు తమ్మీ?"

"సిరిసిల్ల నుంచి అచ్చినం అన్నా."

"పిల్లలతోటి? బండి మీదనా?"

"బండి మీదనే అన్నా. బస్సులు లేకపాయె, ఇంకెట్ల అస్తం?"

మహేందర్ చెప్పింది గల్లీలో పెట్టివచ్చిన మోటార్‌సైకిల్ సంగతి. యాదగిరి కళ్ల ముందున్నది వేరే బండి. పంతులు కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం మైకులో, సిరిసిల్ల బిడ్డలు చంటిపిల్లలను తోపుడుబండి మీద వేసుకుని అరవై కిలోమీటర్లు నూకుకుంటూ ధర్నాకు వచ్చారన్న వార్త ఊరంతా మోగింది.

ఆ తర్వాత కోతిపుండు బ్రహ్మరాక్షసే అయింది. మహేందర్ మెడలో దండ పడింది. ఇద్దరు కుర్చీ తెచ్చి అతని చెప్పులు విప్పారు, ఒకాయన అరికాళ్లకు కొబ్బరినూనె రాశాడు. బొబ్బలు ఒక్కటీ లేకపోవడం చూసి, ఇది మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదని అందరూ నిర్ధారించుకున్నారు. మహేందర్ రెండుసార్లు నిజం చెప్పబోయాడు. రెండుసార్లూ జనం నినాదాలు అందుకున్నారు. ఒక అవ్వ శైలజ కాళ్లు కడిగి పసుపు రాసింది. పెళ్లయిన దగ్గర్నుంచి తనకు ఇంత మర్యాద జరగలేదని శైలజ మనసులో ఒప్పుకుంది. నిజం చెప్పడానికి ఆమెకు మాత్రం తొందరేమీ కనబడలేదు.

"నాన్నా, పార్కు ఎప్పుడొస్తది?" అంది రూతు, ఆశ పెద్దగా లేని గొంతుతో.

మహేందర్ ఇక ఆగలేక యాదగిరి చెవిలో నోరు పెట్టి, "అన్నా, మేం పార్కుకు పోవాలె" అన్నాడు. పంతులు ఒక్క క్షణం ఆలోచించాడు. రోడ్డు మీద ఎండ మండిపోతోంది, పార్కు ముందు చెట్ల నీడ ఉంది, సభ పెట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. సిరిసిల్ల వాళ్లకు ఉన్న బుద్ధి మనకు లేకపోయిందని మైకులో మెచ్చుకుని, ఊరేగింపును అటు తిప్పాడు. డప్పులు ముందు, జెండాలు వెనక, నడుమ తోపుడుబండి మీద రూతు, దావీదు. నూకడానికి ఇరవై చేతులు పోటీ పడ్డాయి.

పార్కు యజమాని సాయన్న దూరం నుంచి మూడు వందల మందిని చూశాడు. సమ్మె రోజుల్లో పార్కు తెరిచినందుకు పగలగొట్టడానికే వస్తున్నారనుకున్నాడు. ఊరేగింపు వచ్చేసరికి సిమెంటు ఏనుగు నోటికి తాళం పడింది. సాయన్న ఏనుగు చెవి వెనక దాక్కున్నాడు.

రూతు తాళాన్ని చూసింది. ఏడవలేదు. గౌను కుచ్చిళ్లు సర్దుకుని, బండి దిగడానికి ఒక కాలు కిందికి జార్చింది. మహేందర్ ప్రాణం ఉసూరుమంది.

యాదగిరికి ఇదేమీ తెలియదు. సభ మొదలుపెడుతూ మైకును రూతు నోటి దగ్గర పెట్టాడు.

"చెప్పు బిడ్డా, మనకేం గావాలె?"

"రైలు" అంది రూతు.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రైల్ రోకో రోజున అనదగిన మాట కాదది. పంతులు గొంతు సవరించుకుని, గట్టిగా చెప్పు బిడ్డా అన్నాడు.

"రైలు గావాలె" అని రూతు గట్టిగానే చెప్పింది.

మహేందర్ మైకు అందుకున్నాడు. బిడ్డ ముందు ఇంకో అబద్ధం మోయడం అతనివల్ల కాలేదు. "మేం నడిచి రాలే. మోటార్‌సైకిల్ మీద అచ్చినం. నా బిడ్డకు మూడుసార్లు మాటిచ్చి తప్పిన. ఇయ్యాల రైలెక్కించుకపోదామని అచ్చిన. గంతే" అన్నాడు. దండ తీసి యాదగిరి చేతిలో పెట్టాడు.

పసుపు రాసిన అవ్వ శైలజ కాళ్ల వంక అనుమానంగా చూసింది. అంతలో ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో మూడు వందల మందీ విరగబడి నవ్వారు. అది విని సాయన్న బయటికొచ్చి తాళం తీశాడు. అయితే కరెంటు లేదని, రైలు నడవదని చెప్పాడు. కరెంటు ఉన్నా నడవకూడదని కమిటీలో ఒకాయన అడ్డుపడ్డాడు. రైల్ రోకో అంటే రైల్ రోకోనే, చిన్నదైనా రైలు రైలేనని అతని వాదన. ఏనుగు నోట్లో నిలబడే పెద్దలు పావుగంట చర్చించారు.

చివరికి యాదగిరి తేల్చాడు. "ఇంజను నడిస్తేనే అది రైలు. మనం నూకితె బండే. బండి ఆపుమని ఎవలన్నరు?"

ఆ మధ్యాహ్నం రైళ్లు ఆపే కమిటీ అంతా పంచెలు ఎగగట్టి బుల్లి రైలును నూకింది. దావీదు రెండో చుట్టులోనే నిద్రపోయాడు. శైలజ తోపుడుబండి మీద కాళ్లు చాపుకుని పడుకుంది. రూతు ముందు పెట్టెలో కూర్చుని, వెనక్కి తిరిగి, చెమటలు కారుతున్న తండ్రిని చూసి, "గట్టిగ నూకు నాన్నా" అంది. ఎంతో కాలానికి మళ్లీ అతన్ని నమ్మి ఏదో అడిగింది. మహేందర్ కళ్లు తుడుచుకుని గట్టిగా నూకాడు.

సమ్మె ఇంకా కొన్ని రోజులు సాగింది. అన్నాళ్ల సమ్మెలో డిమాండు అక్కడికక్కడే తీరింది మాత్రం రూతు ఒక్కదానిదే.