కూర్మమ్మ కూర్చున్న బండి

తెల్లారగానే చీపురుపల్లిలో బయల్దేరడం, మంచు విడేలోపు పొందూరు చేరడం, తాంబూలాలు పుచ్చుకోవడం, వియ్యాలవారింట అరటికాయ వేపుడు తిని రావడం. రాంబాబు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో ఎక్కడా దెయ్యాలకి చోటు లేదు.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన ఏడాది, మార్గశిరంలో మిగిలిన ఒక్కగానొక్క మంచిరోజు అది. దాటితే శూన్యమాసం. పిల్ల తండ్రి లక్ష్మణరావు మహా పట్టింపుల మనిషి, పిల్లి ఎదురొచ్చిందని ఒక సంబంధాన్ని వీధిలోంచే పంపించేసిన ఘనుడు. రాంబాబుకేమో ఆ పిల్ల అర్చన తప్ప లోకంలో ఇంకెవరూ అక్కర్లేదు. అయితే తాంబూలం ఇవ్వాల్సింది తల్లి లేని తనని పెంచిన మేనత్త కూర్మమ్మ. ఆవిడ ఇంకా పిల్లని చూడలేదు. "సూసి, నచ్చితేనే నా సేత్తో ఇస్తాను. లేదంటే లేదు," అని ముందే చెప్పేసింది.

రాంబాబుకి నేతబట్టలు తోలే టర్బో డీజిలు పికప్ ఉంది. పెళ్ళివారింటి ముందు దర్జాగా ఉండాలని ముందురోజు దాన్ని మెకానిక్ గంగులు చేతిలో పెట్టాడు. గంగులు ఇంజను గాలి పీల్చుకునే డబ్బా పీకేసి మూతలేని ఫిల్టరు తగిలించాడు. సైలెన్సరు కోసి పారేసి, వెడల్పాటి గొట్టం తిన్నగా వెనక్కి దించాడు.

"గాలి బాగా పీల్సాల, పొగ బాగా వదలాల. అప్పుడే బండికి దమ్ము వస్తాది. రేపు సూడు బావా, నువ్వెళ్తుంటే తోవంతా లేసి నిలబడతారు," అన్నాడు.

మొదటి చిక్కు ఇంటిముందే వచ్చింది. కేబిన్‌లోకి ఎక్కడానికి కూర్మమ్మ మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇరుగుపొరుగువాళ్ళు ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తి వెనక తొట్టిలో పెట్టారు. కుర్చీని తాడుతో బిగించారు, జారకుండా ఆవిణ్ణి పంచెతో కుర్చీకి కట్టారు. చలికి తలమీదినుంచి తెల్ల దుప్పటి కప్పారు. చుట్టూ బంతిపూల బుట్టలు, పక్కన ఆవిడ స్వయంగా వేయించిన పేలాల బస్తా. వియ్యాలవారింట ఉండలు చుట్టించాలని ఆవిడ ముచ్చట.

బండి స్టార్టు చేయగానే గుప్పున నల్లటి పొగ వచ్చింది.

"ఒరే, ఈ కంపేట్రా? కడుపులో తిప్పుతన్నాది!"

"కొత్త గొట్టం కదత్తా. నాలుగు రోజులైతే అలవాటైపోద్ది."

"అందాకా నేనుండాల కదా!" అని కూర్మమ్మ చెవుల్లో దట్టంగా, ముక్కుల్లో పలచగా దూది పెట్టుకుంది. వాంతులు కట్టడానికి, మత్తుగా నిద్ర పట్టించే మాత్ర ఒకటి మింగింది. "ఇంక నన్ను కదపకు. ఊరొస్తే లేపు," అని కళ్ళు మూసుకుంది.

ఊరు దాటగానే మంచు కమ్మేసింది. ఎక్సలేటరు నొక్కినప్పుడల్లా టర్బో ఊఁ...మని సన్నగా మొదలై, పొడుగ్గా సాగి, వదలలేక వదిలినట్టు తగ్గేది. వెనకనుంచి గొట్టం డబడబా మోగేది. మలుపు దగ్గర టీ కొట్టు వచ్చింది. గ్లాసులు పట్టుకుని కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. తలగుడ్డలు తీసి చేతిలో పట్టుకున్నారు. గంగులు చెయ్యి బంగారం అనుకుని రాంబాబు మీసం దువ్వుకున్నాడు.

తర్వాతి ఊళ్ళో కిరాణాకొట్టువాడు సగం ఎత్తిన షట్టరు దించేశాడు. వాకిట్లో ముగ్గు పెడుతున్న ఒకావిడ, బండి దాటగానే బిందెడు నీళ్ళు రోడ్డు మీద గుమ్మరించి లోపలికి పరుగెత్తింది. ఆ పై ఊళ్ళో అయితే పిట్ట మనిషి లేడు. తను వెళ్ళేసరికే తలుపులన్నీ మూసి ఉన్నాయి. కుక్కలు మాత్రం టర్బోతో పాటు గొంతు కలిపి మోరలెత్తి ఏడుస్తున్నాయి.

రాంబాబు మీసం మీంచి చెయ్యి తీసేశాడు. అద్దంలోంచి వెనక్కి చూశాడు. తెల్ల దుప్పటి, అందులో మెల్లగా ఊగుతున్న తల. దాని వెనక, బండి వచ్చినంత దూరమూ, నల్లటి రోడ్డు మీద తెల్లటి చార ఒకటి మంచులో కలిసిపోతోంది.

గొయ్యి దగ్గర బండి నెమ్మదించింది. చేలగట్టు మీంచి ఒక ముసలాయన దిగి వచ్చాడు. అత్త కాళ్ళ దగ్గర ఒక బంతిపువ్వు పెట్టి, దండం పెట్టి, మంచులోకి వెళ్ళిపోయాడు.

"తాతా! ఏటిది? ఎందుకు?" అని రాంబాబు అరిచాడు.

ఇంజను ఆపకుండానే బండి దిగి తొట్టి ఎక్కాడు. "అత్తా! ఓలత్తా!" పలకలేదు. చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా, మంచుగడ్డలా ఉంది. ముక్కులో దూది చూశాడు. అది పెట్టుకున్నప్పుడు తను పక్కనే ఉన్న సంగతి ఆ క్షణాన వాడికి గుర్తు రాలేదు. కాళ్ళ దగ్గర కూలబడి వలవలా ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు ఓదార్చడానికి అత్త ఉంది.

"నా బండి పొగే నిన్ను సంపేసినాది అత్తా!"

అంతలో మోటారుసైకిల్ మీద ఈ సంబంధం కుదిర్చిన జగన్నాధం వచ్చాడు. రోడ్డు మీది తెల్లటి చార వెంబడే వచ్చాడట. ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి. రాంబాబు వాళ్ళ కులంలో పోయిన పెద్దల్ని పడుకోబెట్టి మోసుకెళ్ళరు. కుర్చీలో కూర్చోబెట్టి, పూలు కట్టి, ముందు శంఖం ఊదుతూ, డప్పు కొడుతూ, దారిపొడుగునా పేలాలు చల్లుకుంటూ తీసుకెళ్తారు. కుర్చీ ఇరుగుపొరుగువాళ్ళే కట్టారు. శంఖం టర్బో ఊదింది, డప్పు గొట్టం కొట్టింది. ఆ అదురుకి బస్తా మూతి ఊడి పేలాలు వాటంతట అవే చల్లుకున్నాయి. తంతుకి తక్కువైందేమీ లేదు, చావు తప్ప.

జగన్నాధం ఆగకుండా, కూర్మమ్మ పోయిందని పొందూరు ఫోన్ చేసేశాడు. తర్వాత తొట్టిలోకెక్కి కూర్మమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. "వెనక్కి తిప్పకురా. పిల్లని సూడాలని ఎంత ఆశపడ్డాదో! ఒక్కసారి ఆ గుమ్మం సూపించి తీసుకుపోదాం."

పొందూరులో మగ్గాల చప్పుడు ఆగిపోయి ఉంది. వీధి వీధంతా నిలబడి ఉంది, గంగులు అన్నట్టే. లక్ష్మణరావు తడిబట్టలతో గుమ్మంలో నిలుచున్నాడు. మామిడి తోరణం అప్పుడే తెంపేశారు. అర్చన కళ్ళు తుడుచుకుంటూ అరుగు మీద నిలబడి ఉంది. ఆ పిల్లని చూడగానే రాంబాబుకి దుఃఖం మళ్ళీ పొంగింది. అత్తా పోయింది, సంబంధమూ పోయింది. తాళంచెవి తిప్పి బండి ఆపేశాడు.

దారంతా మోగిన మోత ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దానికి కూర్మమ్మకి మెలకువ వచ్చింది.

దుప్పటి కదిలింది. లోపల్నించి ఒక చెయ్యి వచ్చి ఎడమ ముక్కులో దూది లాగేసింది.

"ఏటర్రా ఈ ఏడుపులు? ఎవులింటికి తెచ్చారు నన్ను?"

జగన్నాధం తొట్టి మీంచి దూకాడు. మళ్ళీ భోజనాల వేళకి గాని కనపడలేదు. వీధి ఖాళీ అయిపోయింది. లక్ష్మణరావు లోపలికి ఉరికి తలుపు గడియ వేసుకున్నాడు, కూతురు బయటే ఉన్న సంగతి కూడా చూసుకోలేదు.

అర్చన వణికిన మాట నిజమే. అయినా మెల్లగా బండి దగ్గరికి వచ్చింది. కూర్మమ్మ ముక్కు కింద వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది.

"రెండోదీ తీసీండి అత్తమ్మా, ఊపిరాడదు. కాఫీ తేనా?"

"పంచదార ఎక్కువెయ్యి," అంది కూర్మమ్మ. పిల్లని ఎగాదిగా చూసింది. "ఒరే, ఊరంతా పారిపోతే ఇదొక్కతే కాఫీ తేనా అని అడిగింది. నాకు నచ్చింది. తాంబూలం పళ్ళెం అందుకో!"

"అపశకునం!" అని తలుపు వెనకనుంచి లక్ష్మణరావు కేక పెట్టాడు.

"సచ్చి బతికొచ్చి తాంబూలం ఇస్తన్నాను, ఇంతకన్నా శకునం ఏటి కావాల? తలుపు తియ్యి. లేదంటే రోజూ ఇలాగే వస్తాను!"

గడియ వెంటనే ఊడింది. తాంబూలాలూ అయ్యాయి, అరటికాయ వేపుడూ అయింది. తిరిగొస్తూ, రేపే సైలెన్సరు పెట్టించేస్తానని రాంబాబు ఒట్టు వేశాడు. దారిపొడుగునా తనకి ఎంతమంది లేచి దండం పెట్టారో అప్పటికే విని ఉన్న కూర్మమ్మ వద్దంది. ఆనాటినుంచి సంతకి, పేరంటానికి, ఎక్కడికైనా ఆ కుర్చీలోనే బయల్దేరడం మొదలుపెట్టింది.

నెల తిరక్కుండా అదే దారిలో అసలు శవయాత్ర ఒకటి వెళ్ళింది. టీ కొట్టు దగ్గరివాళ్ళు కూర్చున్నచోటినుంచి లేవకుండానే, పెళ్ళికూతురిది ఏ ఊరని అడిగారు.