గ్లాసు కింద కందిరీగ

నవ్వనని మాటిస్తే చెబుతాను. సరే, నవ్వుకోండి. నాలో దాచుకుంటే మాత్రం అరగడం లేదు.

నా ఉద్యోగం మ్యూజియంలో చచ్చిన కందిరీగల్ని రకాలవారీగా విడదీయడం. ఇవి నువ్వుగింజంత ఉంటాయి. గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. పిల్లలు దాన్ని లోపల్నుంచి తినేసి దర్జాగా బయటికొస్తాయి. కొత్త రకానికి ఎవరు పేరు పెడితే, ఆ పేరు వెనకాల వాళ్ల పేరు శాశ్వతంగా ఉండిపోతుంది. ఒక్క పురుగు వెనకాలైనా నా పేరు ఉండాలని నా ఆశ. జుట్టు నెరిసినా అది తీరలేదు.

ఒకరోజు మా బాల్కనీలో, మా ఆవిడ గింజ నాటి పెంచుకున్న నిమ్మమొక్క మీద, గొంగళిపురుగు వీపున ఒక కందిరీగ కనిపించింది. పసుపు నడుము, నల్ల కాళ్లు. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. పట్టేలోగా ఎగిరిపోయింది. మొక్క మీది పురుగుల్లో గుడ్లు పెట్టే ఉంటుంది. ఇక ఆ గొంగళిపురుగులు బతికితేనే నా ఆశ బతుకుతుంది.

"ఏమండీ, మొక్కకి పురుగు పట్టింది. మందు కొట్టేస్తాను."

"నీకెందుకు శ్రమ? నేను కొడతాగా!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పెళ్లయ్యాక అడక్కుండా పని నెత్తినేసుకోవడం నాకదే మొదటిసారి మరి.

స్ప్రే సీసాలోని మందు పారబోసి నీళ్లు నింపాను. రోజూ పొద్దున్నే పురుగులకు స్నానం చేయించాను. అవి శుభ్రంగా స్నానం చేసి భోజనానికి కూర్చునేవి.

"ఇవి చావకపోగా బలుస్తున్నాయేంటి?"

"పోయేముందు అలాగే ఉబ్బుతాయి."

అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయి. అందుకని ఇంట్లో కూడా టోపీ పెట్టుకుని తిరిగాను. జలుబన్నాను. గుండె మాత్రం టోపీ కింద దాగదు కదా, దడదడమంటూనే ఉండేది.

ఆకులు అయిపోవచ్చాయి. పురుగులు పస్తుంటాయని ఒక భయం, ఆవిడ చూస్తుందని ఇంకో భయం. పక్కింటి నిమ్మచెట్టు ఆకులు కోసుకొచ్చి కొమ్మలకు దారంతో కట్టాను.

"ఏమండీ, మన చెట్టుకి దారాలు కూడా కాస్తున్నాయా?"

"గాలికి ఎగిరొచ్చి చిక్కుకునుంటాయి."

చివరికి ఒక పురుగులోంచి కందిరీగ పిల్ల బయటికొచ్చి ఆకు కింద గూడు కట్టుకుంది. నేను ఆగలేక మా పెద్దాయనకు కబురు చెప్పేశాను. ఎప్పుడూ జేబులో భూతద్దంతో తిరిగే మా పై అధికారి ఆయన. ఆదివారం పొద్దున్నే స్వయంగా దిగాడు. ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్లేసరికి కందిరీగ గూటికి కన్నం పడివుంది. లోపల ఏమీ లేదు!

ఇంట్లోకి ఎగిరిందేమోనని ఇద్దరం మోకాళ్ల మీద సోఫా కింద దూరాం.

"ఏం పోయిందండీ?" మా ఆవిడ కాఫీతో వచ్చింది.

"గుండీ."

"రెక్కలున్న గుండీయా?"

ఆవిడ అలమర తెరిచింది. లోపల బోర్లించిన గాజు గ్లాసు. అందులో పసుపు నడుముతో నా కందిరీగ! పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, "కొత్తదేనయ్యా!" అన్నాడు. గ్లాసు మీద మా ఆవిడ చెయ్యి వేసింది.

"సీసాలో నీళ్లని మొదటిరోజే తెలుసు. వాసనే లేదు. ఎందాకా వెళతారో చూద్దామని ఊరుకున్నా."

"నీ కాళ్లు పట్టుకుంటా, ఇచ్చెయ్. దానికి నీ పేరే పెడతాను!"

"నీడనిచ్చినదాన్నే తినేసే పురుగుకి నా పేరా? మీ పేరే పెట్టండి, అతికినట్టుంటుంది."

"ఎవరి పేరు వాళ్లు పెట్టుకోవడం మర్యాద కాదమ్మా, వేరేవాళ్లు పెట్టాలి" అన్నాడు పెద్దాయన.

"అయితే నేను పెడతా. పట్టింది నేనేగా!"

నేను నవ్వాను. పెద్దాయన నవ్వలేదు.

"భేషుగ్గా పెట్టొచ్చు. వర్ణన మీవారు రాసిపెడతారు. వెనకాల మీ పేరొస్తుంది."

ఆవిడ చెయ్యి గ్లాసు మీదే ఉంది. కొంచెం ఎత్తింది కూడా. నా ప్రాణం గిలగిల్లాడింది. ఒప్పుకున్నాను.

ఆ పేరే ఎందుకు పెట్టారో వర్ణనలో కారణం కూడా రాయడం మా ఆనవాయితీ. ఆవిడ చెబుతుంటే నా చేతులతో నేనే టైపు చేశాను: "మా ఆయన పేరు మీద. పోలికలు చూసి."