తొమ్మిది నిమిషాల బాకీ

పదహారేళ్ళుగా నాకొక సందేహం ఉంది. పొద్దున పూజకు కూర్చున్నప్పుడు కూడా అప్పుడప్పుడూ అడ్డొస్తుంది. సర్కారువారు రైలు గడియారాలన్నిటినీ ఒక్క రోజున తొమ్మిది నిమిషాలు ముందుకు జరిపారు కదా, ఆ తొమ్మిది నిమిషాలు ఏమయ్యాయి? ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి?

ఇలా అడిగానని నన్ను గడియారానికి శత్రువునని అనుకోకండి. గడియారం వంటి పరోపకారి ఈ భూలోకంలో మరొకటి లేదన్నదే నా వాదన!

అది రాకముందు మనం ఎలా బతికాం? ఆకలేస్తే తినేవాళ్ళం. నిద్రొస్తే పడుకునేవాళ్ళం. ఎంత అనాగరికం! ఇప్పుడు మా ఊరి కరణంగారింట్లో గోడ గడియారం పన్నెండు కొట్టాకే ఆకలి వేస్తుంది. ఒకసారి కీ ఇవ్వడం మరిచిపోతే అది పదకొండున్నర దగ్గర ఆగిపోయింది. దీపాలు పెట్టే వేళ దాకా ఆ ఇంట్లో ఒక్కరికీ ఆకలి కాలేదు. ఎంత బియ్యం మిగిలి ఉంటుందో ఆలోచించండి!

గడియారం లేనివాళ్ళ అవస్థ చూడాలంటే మా తీరానికి రండి. మాకు చేపలు తెచ్చే పైడయ్యను మొన్న అడిగాను, మళ్ళీ ఎప్పుడు వస్తావని.

"గాలి తిరిగితే వత్తాను బాబూ."

"అదెప్పుడు తిరుగుతుందోయ్?"

"తిరిగినప్పుడు అదే సెప్తాది. మనమేటి దానికి సెప్పీది?"

విన్నారా? ఇటువంటి మనిషిని ఏ రిజిస్టరులో రాస్తారు? గాలికి హాజరు పట్టీ ఉందా? ఇంతా చేసి వాడు చెప్పినట్టే గాలి తిరిగిన రోజున వచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

వాడితో పోలిస్తే పెద్దల పద్ధతే వేరు. నిరుడు ఒక ఆఫీసరుగారు క్యాంపు వేసి, రైతులంతా సరిగ్గా పది గంటలకు హాజరు కావాలని దండోరా వేయించారు. మేం తెల్లవారకముందే వెళ్ళి కూర్చున్నాం. ఆయన సాయంత్రం నాలుగింటికి గుర్రం దిగి, జేబులోంచి వాచీ తీసి చూసి, మీకు కాలం విలువ తెలియదని అరగంట సేపు చెప్పారు. నిజమే! తెలిస్తే అక్కడ కూర్చుంటామా?

సరే, నా సందేహం సంగతికి వస్తాను.

మా అక్క పేరు పెద్దతల్లి. ఆమెను టెక్కలి దగ్గర రావివలసలో ఇచ్చారు. ఆమె కొడుకు ఢిల్లీశ్వరరావుకు రెండో ఏట ఎండల మల్లికార్జునస్వామి సన్నిధిలో చెవులు కుట్టించాలనుకున్నారు. ఆ స్వామికి పైకప్పు ఉండదు. పొద్దస్తమానం ఎండలోనే కొలువు. పిల్లాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కంసాలి కుట్టాలి. మేనమామను నేను. అంటే నేను రైలెక్కితే తప్ప పని జరగదు.

మా పెరటి కొబ్బరిచెట్టు నీడ నూతి గట్టును తాకగానే బయలుదేరితే స్టేషనులో రైలు అందుతుంది. అంతకుముందు ఎన్నోసార్లు అందింది. ఆ రోజూ నీడ గట్టును తాకగానే బయలుదేరాను. వెళ్ళేసరికి రైలు తోక కనిపించింది.

"ఇదేం అన్యాయమండీ? నేను ఎప్పటి వేళకే వచ్చానే!" అన్నాను స్టేషను మాస్టరుగారితో.

"టైము తొమ్మిది నిమిషాలు మారింది. నోటీసు గోడకు అంటించాం కదా."

"అది ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు రాదండీ."

"రైలుకు తెలుగు రాదు," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు రావివలస చేరాను. ముహూర్తం దాటిపోకూడదని ముందురోజే పిల్లాణ్ణి వాడి పినతండ్రి ఒళ్ళో కూర్చోబెట్టి కుడి చెవి కుట్టించారు. ఎడమ చెవి దగ్గరకు కంసాలి రాగానే మా అక్క పిల్లాణ్ణి లాక్కుందట. "ఈ సెవి మా తమ్ముడిది. ఆడొచ్చి కూకుంటేనే కుట్టాల!" అందట. నన్ను చూడగానే ఒకే మాట అంది.

"ఏట్రా తమ్ముడా, ఇయ్యాల తీరిందేటి నీకు? ఆ సెవి కుట్టీదాకా నీ గడప తొక్కను, సూడు."

ఆ తరవాత రెండుసార్లు ముహూర్తం పెట్టారు. ఒకసారి వాన, ఒకసారి మా ఇంట్లో పురుడు అడ్డొచ్చాయి. పిల్లాడు పెద్దవాడై, ఒక్క చెవికే పోగుతో, మా వైపు కుర్రాళ్ళందరిలాగే ఓడెక్కి రంగూను పోయాడు. అక్క మాత్రం మాట తప్పలేదు. మా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. రెండింటికీ అరిసెలు పంపింది గాని తాను రాలేదు.

చూశారా గడియారం చేసిన మేలు? పదహారేళ్ళు అక్కకు బండి ఖర్చు మిగిలింది!

ఈ ఫాల్గుణంలో మేనల్లుడు రంగూను నుంచి వాచీ పెట్టుకుని వచ్చాడు. పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుక్కి రెండు చెవులకూ పోగులు ఉండాలని ఆడపెళ్ళివారు పట్టుబట్టారు. అక్క కబురు పంపింది: "ఈపాలి రాకపోతే నాకు తమ్ముడే లేడనుకుంతాను."

ఈసారి నేను నీడను నమ్మలేదు. తెల్లవారి రైలుకని ముందురోజు మధ్యాహ్నమే స్టేషనుకు వెళ్ళి కూర్చున్నాను. నా అంత టైముకు వచ్చిన ప్రయాణికుడు ఆ లైనులో మరొకడు ఉండి ఉండడు.

తెల్లవారింది. రైలు రాలేదు. బోర్డు మీద సుద్దముక్కతో ముత్యాల్లాంటి అక్షరాలు రాశారు. గంట లేటు!

"ఎందుకండీ?" అని అడిగాను.

"రైలు కదా, వస్తుంది," అన్నారు. ఈయన కొత్త మాస్టరుగారు. జవాబు మాత్రం పాతదే.

అప్పుడు నాకొక విషయం బోధపడింది. రైలు లేటైతే బోర్డు మీద రాసి తుడిచేస్తారు. నేను లేటైతే మా మేనల్లుడి చెవి మీద పదహారేళ్ళు ఉండిపోయింది.

నౌపడాలో దిగి బండి కట్టించుకుని రావివలస చేరేసరికి ఆకాశమంతా మబ్బు. గుడి ముందు చుట్టాలు, కంసాలి, అందరూ నిలబడి ఉన్నారు. పూజారి రామూర్తిగారు ముహూర్తాన్ని నీడతోనే చూస్తారు. మనిషి నీడ అతని అడుగులతో ఏడడుగుల కంటే తగ్గిపోతే ముహూర్తం దాటినట్టు. మబ్బు పట్టి నీడే పడకపోవడంతో ఆయన మెడ పైకెత్తి ఎదురుచూస్తున్నారు.

"వొచ్చినావా?" అంది అక్క. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఢిల్లీశ్వరరావు వాచీ చూశాడు. "వొచ్చి ఏటి లాభమమ్మా? ముహూర్తం ఎల్లిపోనాది. తొమ్మిది నిముషాలయింది."

తొమ్మిది! మళ్ళీ అవే తొమ్మిది నిమిషాలు!

అంతలో మబ్బు విడిచింది. స్వామి మీదా, మా అందరి మీదా ఒక్కసారిగా ఎండ పడింది. రామూర్తిగారు గబగబా తన నీడ కొలుచుకున్నారు. ఏడడుగులకు అర అడుగు తక్కువ.

"దాటిపోనాదమ్మా," అన్నారు నెమ్మదిగా.

చేసేదేమీ లేక, స్వామికి దండం పెట్టుకుందామని నేను తలపాగా మీద చెయ్యి వేశాను.

"తియ్యకు!" అని అక్క ఒక్క కేక పెట్టింది. "తమ్ముడా, అలాగే ఎండలోకి రా. పంతులుగారూ, మేనమామ ముహూర్తానికి మేనమామ నీడ కదేటి కొలవాల?"

నేను ఎండలో నిలబడ్డాను. ప్రయాణమని ఆ రోజు పెద్ద తలపాగా చుట్టుకున్నాను. నీడలో తలపాగా చివర పడిన చోట రామూర్తిగారు పుల్ల గుచ్చి నన్ను నడవమన్నారు. మడమకు బొటనవేలు ఆనించి ఒక్కొక్క అడుగే వేశాను. ఏడో అడుగు బొటనవేలు పుల్లకు తగిలింది!

"తలపాగా కూడా లెక్కేటండీ?" అన్నాడు మేనల్లుడు, వాచీ ముందుకు చాపి. "ఇదిగో, టైము సూడండి!"

"దానికి నీడుందేటి బాబూ?" అన్నారు రామూర్తిగారు. "సామి ఎదరే పడ్డాది ఈ నీడ. ఆయనకి లేని అబ్యంతరం నీకేటి? ఎక్కు మీ మావ ఒళ్ళోకి."

పద్దెనిమిదేళ్ళవాడు, రంగూను మిల్లులో బస్తాలు మోసిన మనిషి, నా ఒళ్ళో కూర్చున్నాడు. నా మోకాళ్ళు ఆ పదహారేళ్ళనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాయి. కంసాలి సూది దించాడు. వాడు ఓడ కూత పెట్టినట్టు అరిచాడు.

"ఆ రోజు రెండేళ్ళప్పుడు ఇంత గోల సెయ్యలేదు వీడు!" అని అక్క నవ్వింది. ఆమె నవ్వగా నేను విని పదహారేళ్ళయింది.

చదువరులారా, నా సందేహం తీరింది. ఆ తొమ్మిది నిమిషాలు సర్కారువారి దగ్గర లేవు. నా నెత్తి మీదే ఉన్నాయి, తలపాగా మడతల్లో! నిష్కారణంగా వారిని ఇన్నాళ్ళూ అనుమానించినందుకు లెంపలు వేసుకుంటున్నాను. ఆ రోజు రైలు తినేసిన గంట మాత్రం ఎవరి దగ్గరుందో ఇంకా తెలియదు. అంత పొడుగు తలపాగా నా దగ్గర లేదు.

వారం తిరక్కుండా మా వాకిట్లో బండి ఆగింది. అక్క దిగి, కాళ్ళు కడుక్కుని, గడప దాటి లోపలికి వచ్చింది.

"వేళకొచ్చినానేట్రా?" అంది.

గడియారం మా ఇంట్లో లేదు. వేళకే వచ్చావని చెప్పాను.