మంత్రిగారి నిఖార్సయిన ఫాలోవర్లు

ఇకమీదట తాను ఎవరినీ ఫాలో కానని, తనను ఫాలో అయ్యేవాళ్ళు కేవలం అభిమానంతోనే కావాలని రవాణా శాఖ మంత్రిగారు పత్రికా సమావేశం పెట్టి మరీ ప్రకటించారు. వెనక గోడకి "నిఖార్సయిన అనుబంధం" అని మూరెడేసి అక్షరాలతో బ్యానర్ కట్టారు. ప్రజాజీవితంలో ఇంతటి త్యాగం ఈమధ్య ఎవరూ చేయలేదని పక్కన కూర్చున్న సహాయ మంత్రి కొనియాడారు. ఆయన ఆ మాట అంటుండగానే మంత్రిగారు ఫోను తీసి ఆయన్ని కూడా అన్‌ఫాలో చేసేశారు.

ఈ త్యాగానికి చిన్న కారణం లేకపోలేదు. మంత్రివర్గంలో మార్పులు రాబోతున్నాయని, ఉత్తుత్తి ఫాలోవర్లతో నెట్టుకొస్తున్నవాళ్ళని ఇంటికి పంపిస్తానని పార్టీ అధినేత హెచ్చరించారు. అప్పటిదాకా మంత్రులందరూ ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో పేజీలు పెంచుకున్నారు. మీరు నన్ను ఫాలో అయితే నేను మిమ్మల్ని ఫాలో అవుతాను అనే ఈ ఏర్పాటులో మన మంత్రిగారికి నలభై వేలమంది పోగయ్యారు. వాళ్ళలో మిగతా మంత్రులు, వాళ్ళ బామ్మర్దులు, బట్టతల మీద జుట్టు మొలిపించే కంపెనీలు, ఏ భాషో తెలియని లిపిలో రోజూ ఏదో చెప్పే విదేశీయులు ఉన్నారు.

మంత్రిగారి పేజీ చూసుకునే ఆమెని ఆఫీసులో అందరూ పేజీ అమ్మాయి అనేవారు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు ఉద్యోగం. మంత్రిగారి పదవి ఊడితే ఈమె ఉద్యోగం కూడా ఊడుతుంది. పదవి నిలబడితే పర్మనెంటు చేయిస్తానని ఆయన నలుగురి ముందూ మాటిచ్చారు. పర్మనెంటు అనే మాటని ఆమె ఇంట్లో గట్టిగా అనరు, ఎక్కడ దిష్టి తగులుతుందోనని.

ఆ సాయంత్రమే ఆమె కూర్చుని నలభై వేలమందినీ తీసేసింది. తెల్లారేసరికి వాళ్ళందరూ మంత్రిగారిని తీసేశారు. మిగిలింది కారు డ్రైవరు, ఇద్దరు గన్‌మెన్లు, అద్దె ఇల్లు వెతుక్కుంటూ పొరపాటున ఇటొచ్చిన ఒక పెద్దమనిషి. మంత్రిగారి భార్య కూడా జారుకున్నారు. ఇదేం పనని అడిగితే, ముందు నన్ను తీసేసింది మీరే కదా అన్నారట ఆవిడ.

మంత్రిగారు బెదరలేదు. సరుకుంటే జనం వాళ్ళే వస్తారని చెప్పి సరుకు తయారు చేయించారు. ఆయన ట్రెడ్‌మిల్ మీద చెమటోడుస్తున్న వీడియో, బస్సు టైరుని ఆప్యాయంగా తడుతున్న ఫొటో, పొద్దున్నే ఒక సూక్తి, సాయంత్రం దానికి వివరణ వరసగా పేజీకెక్కాయి. ప్రజలతో ముఖాముఖి అని లైవ్ కూడా పెట్టారు. వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న అద్దె ఇంటి పెద్దమనిషిది. రెండు పడగ్గదులు ఉన్నాయా అని అడిగాడు. గృహనిర్మాణం తన శాఖ కాకపోయినా మంత్రిగారు ఆ విషయం మీద అరగంట అనర్గళంగా మాట్లాడారు.

ఇలా ఉండగా ఒకరోజు పెట్టడానికి ఏ సరుకూ లేక, పేజీ అమ్మాయి మంత్రిగారి మర్నాటి పర్యటన కార్యక్రమం యథాతథంగా పెట్టేసింది. అధికారులకి పంపే మామూలు కాగితమే అది. ఎప్పుడు బయల్దేరేది, ఏ వీధుల మీదుగా వెళ్ళేది, ఎక్కడ ఎంతసేపు ఆగేది, అంతే. రాత్రి భోంచేసి చూసేసరికి మూడు వేలమంది చేరారు. మర్నాడు ఇంకో కార్యక్రమం పెట్టింది. ఇంకో పదివేలు.

మంత్రిగారు కళ్ళజోడు తుడుచుకుని కామెంట్లన్నీ స్వయంగా చదివారు. "రేపు కూడా వస్తారా సార్?" "మార్కెట్ దగ్గర ఎంతసేపు ఉంటారు?" "ఆస్పత్రి రోడ్డు వైపు వచ్చేది ఉందా, దయచేసి ముందే చెప్పండి." ఒక పంటి డాక్టరు, రోజూ నిద్ర లేవగానే మీ పేజీ చూస్తే గాని గడప దాటను సార్ అని రాశాడు. మంత్రిగారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు. తన ట్రెడ్‌మిల్ ఇన్నాళ్ళకి ఫలించిందన్నారు.

పేజీ అమ్మాయికి కూడా సంతోషంగానే ఉంది. అయితే ఆ సంతోషం అత్తగారి పుణ్యమా అని రెండు పూటలు కూడా నిలవలేదు. మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి తయారవుతూ ఆవిడ ఫోను చేతికిచ్చింది.

"అమ్మాయ్, మీ మంత్రిగారు ఇవాళ ఎటు పోతున్నాడో చూసిపెట్టు. పోయినసారి ఆయన కోసం రోడ్డు కట్టేసి నన్ను గంటన్నర ఆటోలో కూర్చోబెట్టారు. ఇప్పుడు నయం, మా వీధి ఆడవాళ్ళందరం మీ పేజీలో చేరిపోయాం. ఆయన ఇటొస్తే మేం అటు పోతున్నాం."

పేజీ అమ్మాయి ఇరుకున పడింది. విషయం చెప్పకపోతే మంత్రిగారిని మోసం చేసినట్టు, చెప్తే పర్మనెంటుని తన చేత్తో తనే చెరిపేసుకున్నట్టు. రెండు రోజులు మథనపడి, మూడో రోజు ధైర్యం చేసి లోపలికి వెళ్ళింది.

"సార్, జనం చూస్తున్నది మిమ్మల్ని కాదేమో సార్."

"మరెవర్నమ్మా?"

"మీరు వెళ్ళే దారిని."

మంత్రిగారు చాలాసేపు ఆమెని మెచ్చుకోలుగా చూశారు. "నాయకుడి దారిని చూడటమే కదమ్మా అభిమానమంటే" అని, ఆ మాట చాలా బాగా వచ్చిందనీ, రేపటి సూక్తిగా పెట్టమనీ చెప్పారు. ఆమె పెట్టింది. అది ఎవరూ చూడలేదు.

భద్రతాధికారి మాత్రం దారి ముందే చెప్పడం ప్రమాదమని అడ్డుపడ్డాడు. ప్రజలకీ తనకీ మధ్య గోడ కట్టొద్దని మంత్రిగారు గద్దించారు. అయినా ఆ అధికారి పోరు పడలేక ఒకసారి చివరి నిమిషంలో దారి మార్చారు. ఆ రోజు పేజీ మీద పిడుగులు పడ్డాయి. "ఇలా మాట మారిస్తే ఎలా సార్? మిమ్మల్ని నమ్ముకుని బయటికొచ్చాం." మంత్రిగారు ఆ రాత్రి సరిగ్గా భోంచేయలేకపోయారు. నమ్ముకున్నవాళ్ళని ఇంకెప్పుడూ మోసం చేయనని క్షమాపణ వీడియో పెట్టారు. మళ్ళీ దారి మార్చలేదు.

నెల తిరిగేసరికి పేజీ రెండు లక్షలు దాటింది. అధినేత నమ్మలేక ఒక పరిశీలకుణ్ణి పంపారు. కోటు వేసుకున్న ఆ పరిశీలకుడు ఫాలోవర్లలో కొందరిని ఎంచి, పేజీ అమ్మాయి ఎదురుగానే ఫోన్లు చేశాడు. ఆమె గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

"మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదండి."

"మంత్రిగారు తిరిగి మిమ్మల్ని ఫాలో అవుతున్నారా?"

"అయ్యో, ఆయన మా వెంట పడకుండా ఉండటమేనండి మాకు కావాల్సింది."

"ఒకరోజు ఈ పేజీ చూడకపోతే?"

"పాపకి బడికి ఆలస్యమవుతుందండి."

నిస్వార్థ అభిమానం, పిల్లల చదువు మీద కూడా ప్రభావం అని పరిశీలకుడు నివేదిక రాసుకున్నాడు. ఇంత నికరమైన జనాన్ని తన సర్వీసులో చూడలేదన్నాడు. వెళ్తూ వెళ్తూ తను కూడా ఫాలో అయ్యాడు.

అధినేత ముచ్చటపడి, ఆ అభిమానులని ఒక్కసారి కళ్ళారా చూస్తానన్నారు. ఊళ్ళోకల్లా పెద్ద మైదానంలో అభిమాన సమ్మేళనం ఏర్పాటైంది. జనాన్ని లారీల్లో తోలుకు రావడం మంత్రిగారికి ససేమిరా ఇష్టం లేదు. ఒక్క పోస్టు చాలన్నారు. అందులో దారి రాయకుండా వదిలేద్దామని పేజీ అమ్మాయి బతిమాలింది. నమ్ముకున్నవాళ్ళ దగ్గర దాపరికమా అని ఆయనే కూర్చుని, ఏ వీధి, ఏ మలుపు, ఎన్నింటికి అని వివరంగా టైపు చేసి పెట్టారు. అధినేత కూడా అదే దారిన వస్తారని, రెండు కాన్వాయ్‌లు ఉంటాయని చివర కలిపారు.

పేజీ చరిత్రలో అంత ఆదరణ దేనికీ రాలేదు. బడులు సెలవు ప్రకటించి మరీ ఆ పోస్టుని తల్లిదండ్రులకి పంపాయి. వ్యాపారులు షాపుల తలుపులకి అతికించారు. పంటి డాక్టరు ఆ రోజు అపాయింట్‌మెంట్లన్నీ మర్నాటికి మార్చుకుని, మంత్రిగారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాడు.

సమ్మేళనం నాడు కాన్వాయ్ బయల్దేరింది. వీధి తరవాత వీధి ఖాళీగా ఉంది. సిగ్నళ్ళు వాటి మానాన అవి ఎరుపు, పచ్చ మార్చుకుంటున్నాయి. కారులో ముందు సీట్లో పేజీ అమ్మాయి తల దించుకుని ఫోను చూస్తోంది. వెనక సీట్లోంచి మంత్రిగారు కిటికీ దించి చూసి, "అందరూ పొద్దున్నే గ్రౌండుకి చేరిపోయినట్టున్నారు, పిచ్చి జనం" అన్నారు.

మైదానంలో కుర్చీలున్నాయి. మైకు సరిచేసే అతను ఒకటి, రెండు అంటుంటే అవతలి గోడ అవే అంకెలు తిరిగి చెప్పింది. వేదిక మీద అధినేత కూర్చుని ముందుకి చూస్తున్నారు. పరిశీలకుడు మైదానమంతా కలియదిరిగి వచ్చి, కిరాయికి తెచ్చిన మనిషి ఒక్కడు కూడా లేడని ధ్రువీకరించాడు.

అధినేత పేజీ అమ్మాయిని దగ్గరికి పిలిచి ఫోను చూపించమన్నారు. ఆమె ఇచ్చింది. కామెంట్లు వరదలా వస్తున్నాయి. "మొదలైందా సార్?" "ఎంతసేపు పడుతుంది?" "ముగియగానే ఒక్క ముక్క పెట్టండి సార్, ఎదురు చూస్తుంటాం." మంత్రిగారు పక్కనుంచి తొంగి చూసి, ఇంట్లో ఉన్నా వాళ్ళ మనసంతా ఇక్కడే ఉందండి అన్నారు.

అధినేత చాలాసేపు చదివి, ఈ ఆఫీసులో పర్మనెంటు చేయాల్సింది ఈ అమ్మాయి ఒక్కత్తినే అని కార్యదర్శితో అన్నారు. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత అధినేత తన సొంత ఫోను తీసి, మంత్రిగారి పేజీ వెతికి, ఫాలో నొక్కి, ఆమె వైపు వంగి మెల్లగా అడిగారు.

"అమ్మా, ఈయన తిరిగి వెళ్ళేది ఏ దారిన?"